సెల్లారుకు దింపిన వైరు

చిన్న ఎలక్ట్రిక్ కారు కొన్నవాడికి కంటినిండా నిద్ర ఉండదు. షోరూంలో ఈ మాట ఒక్కడూ చెప్పడు. కిలోమీటరుకు ఎంత తక్కువ పడుతుందో చెప్పి, నవ్వి, టీ ఇస్తారు. వాళ్లు కాగితం మీద చూపించే దూరం ఏసీ వెయ్యకుండా, ఉప్పల్ ట్రాఫిక్ లేకుండా వచ్చే దూరం. మనకు దక్కేది అందులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అయినా కొన్నాను. పెద్ద బ్యాటరీ ఉన్న కారు నా జీతానికి అందదు. పెట్రోలు కారు కొనగలనేమో గానీ, మేం తిరిగే తిరుగుడుకు పెట్రోలు పోయించలేను.

మా ఆవిడకు రెండు కిడ్నీలూ పోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్. మేముండే నాచారం చుట్టుపక్కల ఎక్కడా పొద్దుటి స్లాట్ దొరకలేదు, చివరికి అన్నోజిగూడ దాటాక ఓ ఆసుపత్రిలో దొరికింది. డయాలసిస్ ఉన్న రోజుల్లో మధ్యాహ్నం ఫ్యాక్టరీకి వచ్చేలా మా సూపర్‌వైజరును బతిమాలుకున్నాను. మొదట్లో క్యాబుల్లో తిరిగాం. మిషన్ మీద నుంచి లేచాక ఆమెకు కాళ్లలో సత్తువ ఉండదు. అలాంటి మనిషిని రోడ్డు పక్కన నిలబెట్టి, ఒక బండి క్యాన్సిల్ చేస్తే ఇంకో బండి కోసం ఫోను గీక్కుంటూ ఉండటం పగవాడికి కూడా వద్దు.

కారైతే వచ్చింది, దానికి కరెంటు ఎక్కడిది? సెల్లారులో ఛార్జింగ్ పాయింటు పెట్టుకుంటానంటే అసోసియేషన్ సెక్రటరీ ఇంతెత్తున లేచాడు. "బ్యాటరీ పేలితే ఎవలు జవాబు చెప్తరన్నా? ఫోన్ల వీడియోలు సూస్తలేవా?" అన్నాడు. అంతటితో ఆగాడా మహానుభావుడు! నేను దొంగతనంగా వాడుకుంటానేమోనని సెల్లారులో ఉన్న ఒక్క ప్లగ్గూ పీకించాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండో అంతస్తులో మా గీజరు ప్లగ్గు నుంచి, బాల్కనీ మీదుగా, లావుపాటి వైరు సెల్లారు దాకా దింపాను. నా మీటరు, నా కరెంటు, నా కారు. ఎవడేమంటాడో చూద్దామనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఆ వైరును ఎవరు తొక్కుతారో, ఏ పిల్లాడు లాగుతాడో అని రోజూ నా ప్రాణం అందులోనే ఉండేది.

మొన్న బతుకమ్మ రోజుల్లో ఒక సాయంత్రం. మర్నాడు పొద్దున డయాలసిస్. ఆ రోజు అటూ ఇటూ బాగా తిరగడంతో ఛార్జింగ్ అడుగంటింది. వస్తూనే కారుకు ప్లగ్గు పెట్టి పైకొచ్చాను. వాన పడుతుండటంతో ఆడవాళ్లు బతుకమ్మలను సెల్లారులోనే పెట్టారు. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, "జర సేపు కూసోని వస్త" అని కిందికి వెళ్లింది. పాటలు వినపడుతున్నాయి. తలుపు వేసేటప్పుడు బాల్కనీలోంచి చూశాను, వైరు కిందికి వేలాడుతూనే ఉంది. నిశ్చింతగా పడుకున్నాను.

పొద్దున్నే కారు ఆన్ చేస్తే ఎర్ర గుర్తు. దిగి చూశాను. వైరు చివర ప్లగ్గు నేల మీద పడి ఉంది. "ఎవడు పీకిండ్రా దీన్ని!" అని సెల్లారు దద్దరిల్లేలా అరిచాను. వాచ్‌మన్ బిక్కమొహం వేశాడు. క్యాబు కోసం చూస్తే పండగ పూట ఒక్కటీ రాలేదు. స్లాట్ తప్పితే మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు. ఇక తెగించి బయల్దేరాను.

ఏసీ బంద్. అద్దాలు దించేశాను. ఉప్పల్ దాటాక, కట్టీకట్టని ఫ్లైఓవరు పిల్లర్ల పక్క బండ్ల పొగంతా మా మొహాలమీదే. ముందు లారీ వెనకాల నత్తలా పోనిస్తున్నాను. రోడ్డు కన్నా ఎక్కువగా మీటరునే చూస్తున్నాను. అంకె ఒకటి తగ్గినప్పుడల్లా యాక్సిలరేటరు మీద కాలు ఇంకాస్త తేల్చేవాణ్ని. నోరు మాత్రం ఊరుకోలేదు. "గా సెక్రటరీ పనే ఇది. వాని సంగతి సూస్తా ఇయ్యాల" అంటూనే ఉన్నాను.

మేడిపల్లి దగ్గర ఆమె నోరు విప్పింది. "వాళ్లు కాదు. నేనే తీసిన."

"ఏందీ?"

"సౌండు బాక్సుకు ప్లగ్గు లేదన్నరు. సెక్రటరీ భార్యనే అడిగింది. మన వైరు ఉన్నది గద, పెట్టుకోండ్రి అన్న. ఆట అయినంక మళ్ల పెడుదామనుకున్న. యాదికి లేకుంట పోయింది."

"దిమాక్ ఉన్నదా నీకు? గీ తిప్పలన్నీ ఎవరికోసం పడుతున్న?"

ఆమె తల కిటికీ వైపు తిప్పుకుంది. మెల్లగా అంది, "రోజు నన్ను సూస్తే అందరు ఒక్కటే అడుగుతరు, పాణం ఎట్లున్నదని. నిన్న ఒక్కలు గూడ అడగలే. 'వదినా, నువ్వు అందుకో' అన్నరు. నేను పాడిన. అందరు నా ఎనక పాడిన్రు."

నాకు కోపం మాత్రం పోలేదు. ఆసుపత్రి గేటు దగ్గరి చిన్న ఎత్తు ఎక్కడానికి కారు మూలిగింది గానీ, ఎలాగో ఎక్కింది.

మిషన్ ఎక్కించే ముందు బరువు చూస్తారు. సిస్టరు చూసి కసురుకుంది. "ఏం తాగినవమ్మా గింతగనం? ఒంట్ల మస్తు నీరు పట్టింది. ఇయ్యాల రాకపోతే రాత్రికి ఊపిరాడకపోతుండె, ఎరుకేనా?"

దారిలో నారపల్లి దగ్గరో ఎక్కడో ఆ డబ్బా కారు ఆగిపోయి ఉంటే? ఆమె మంచం మీద పడుకుంది. సూదులు గుచ్చారు, ట్యూబులు ఎర్రబడ్డాయి. దగ్గరికెళ్లి, ఈసారి గొంతు తగ్గించి అడిగాను.

"కారు సంగతి మరిచిపోయినవు, సరే. నీళ్లు తాగొద్దన్నది గూడ మరిచిపోయినవా?"

ఆమె నా వైపు చూసి నవ్వింది.

"రోగమున్నదే మరిచిపోయిన" అంది.