కంపెనీ వాడిదే తప్పు

మా బాబాయి దృష్టిలో ఈ లోకంలో మనుషులు తప్పులు చెయ్యరు. చేసేదల్లా కంపెనీ వాడే. పగిలినా, కాలినా, ఒలికినా, ఉన్నట్టుండి ఆగిపోయినా, ఆయన దగ్గరికి తీసుకెళితే తీర్పు ఒక్కటే. ముద్దాయి కూడా ఒక్కడే.

మా నాన్న ఓసారి కుర్చీలో పెట్టుకున్న తన కళ్ళజోడు మీద తానే కూర్చున్నాడు. బాబాయి ముక్కలు చేతిలోకి తీసుకుని, "కుర్చీ అన్నాక మనిషి కూర్చుంటాడని కళ్ళజోడు కంపెనీ వాడికి తెలియొద్దూ?" అన్నాడు. పక్కింటాయన కొత్త గాజు తలుపును చూసుకోక నుదురు బొప్పి కట్టించుకొస్తే, "గాజు అంత శుభ్రంగా చెయ్యమని ఎవడేడ్చాడు?" అని తలుపు కంపెనీ మీద విరుచుకుపడ్డాడు. పిన్ని కూరలో ఉప్పు రెండుసార్లు వేసిన రోజున, కళ్ళ నీళ్ళు తిరుగుతున్నా, "ఈమధ్య ఉప్పు కంపెనీ వాడు ఘాటు పెంచేశాడు" అంటూ ముద్ద మింగాడు.

"మన పెళ్ళికి మాత్రం ఏ కంపెనీని తిడతారు?" అని అడిగింది పిన్ని.

"అదొక్కటే ఏ కంపెనీ చెయ్యీ పడకుండా జరిగింది. అందుకే ఇన్నాళ్ళుగా నడుస్తోంది" అన్నాడు బాబాయి, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, ఆయన ఉద్యోగం చేసేది కూడా ఒక కంపెనీలోనే. మిక్సీలు తయారుచేసే ఆ కంపెనీలో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చుని, వచ్చినవాళ్ళందరి చేతా తిట్లు తిని, "పొరపాటు మాదేనండీ" అనడం ఆయన పని. మిక్సీలో మేకులు వేసి తిప్పినవాడికి కూడా అదే జవాబు. "జీతమిచ్చే కంపెనీనీ వదలడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం" అనేది అమ్మ.

అలాంటి మనిషి చేతికి మా ఇంటి వాషింగ్ మెషిన్ కేసు వచ్చింది. అది రెండు తొట్ల పాత మెషిన్. ఒక తొట్టిలో బట్టలు ఉతుకుతుంది, రెండో దాంట్లో గిర్రున తిప్పి పిండుతుంది. ఆ రోజు ఉతకడం ఉతికింది గానీ, పిండనని మొండికేసింది. మీట తిప్పితే గుర్రుమని మూలిగి ఊరుకుంటోంది.

వేరే ఇంట్లో అయితే ఇదేమంత పెద్ద విషయం కాదు. మా ఇంట్లో ఆ మెషిన్ నాన్నమ్మది. వంటిల్లు అమ్మ చేతిలోకి, బీరువా తాళాలు నాన్న చేతిలోకి వెళ్ళిపోయాక, ఆవిడకు మిగిలిన రాజ్యం మెషిన్ ఉన్న ఆ మూల ఒక్కటే. ఈమధ్య మతిమరుపు ఆ రాజ్యంలోకీ చొరబడింది. ఒకరోజు కుళాయి కట్టడం మరిచిపోయి వరండా ముంచింది. కిందటి వారం ఎర్ర తువ్వాలుతో కలిపి ఉతికి, నాన్న తెల్లచొక్కాను గులాబీరంగులోకి దించింది. ఆరోజే నాన్న తేల్చి చెప్పాడు. "ఇంకొక్క పొరపాటు జరిగిందంటే, ఇక అమ్మ ఆ మెషిన్ ముట్టుకోవడానికి వీల్లేదు."

ఇప్పుడు మెషిన్ తిరగడం లేదు. నాన్నమ్మ పొద్దుటి నుంచీ ఎవరితోనూ పలకకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మంచం మీద కూర్చుంది. అలిగిందనుకున్నాం. ఉన్న ఒక్క పనీ పోతుందేమోనని బెంగపడుతున్న ఆవిణ్ణి చూస్తే నాకు గుండె తరుక్కుపోయింది.

బాబాయి స్క్రూడ్రైవరుతో దిగాడు. గుమ్మంలోనే తీర్పు చెప్పేశాడు. "కంపెనీ వాడిదే తప్పు."

"ఇంకా మూతైనా తియ్యలేదు కదయ్యా" అంది అమ్మ.

"తీస్తే సాక్ష్యం దొరుకుతుంది వదినా. తీర్పు మారదు."

నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఒరేయ్, ఈసారి నీ కంపెనీ పురాణం కట్టిపెట్టు. ఇది అమ్మ చేసిందా, కాదా? నాకదొక్కటే తెలియాలి."

బాబాయి ముందు ప్లగ్గు పీకాడు. వెనక రేకు విప్పి బ్రేకు తీగ లాగి చూస్తే, అది బాగానే ఉంది. ఒక్కో స్క్రూ ఊడదీసినప్పుడల్లా కంపెనీ వాడి వంశంలో ఒక్కో తరాన్ని తలుచుకున్నాడు. ముత్తాత దాకా వచ్చాక, పిండే తొట్టి పక్క సందులోకి చెయ్యి దూర్చి ఠక్కున ఆగిపోయాడు.

"అమ్మాయ్, టార్చి ఇటు వెయ్యి. నువ్వు మాత్రం అటు చూడు" అన్నాడు నాతో, గొంతు తగ్గించి.

నేను ఇటే చూశాను. తొట్టి అడుగున ఇరుసుకు చేతిరుమాలు ఒకటి మెలికలు తిరిగి చుట్టుకుని ఉంది. బాబాయి దాన్ని ఓపిగ్గా విడదీసి పైకి లాగాడు. రుమాలు కొసన ముడి ఉంది. ముడి విప్పితే, నాన్నమ్మ పళ్ళసెట్టు శుభ్రంగా ఉతికినట్టు తళతళలాడుతూ మా ఇద్దర్నీ చూసి నవ్వింది. నాన్నమ్మ మౌనవ్రతం సంగతి అప్పటికి అర్థమైంది.

"ఏమన్నా దొరికిందా?" అన్నాడు నాన్న, ముందుకు వస్తూ.

పళ్ళసెట్టు బాబాయి చొక్కా జేబులోకి జారిపోయింది. "దొరికింది. బ్రేకు తీగ. కంపెనీ వాడు వదులుగా కట్టి చచ్చాడు."

"అయితే అమ్మ తప్పేం లేదా?"

"తీగ అమ్మ కట్టిందా?"

నాన్న చూపు తమ్ముడి జేబు మీద ఆగింది. జేబు ఎత్తుగా ఉంది, పైగా నీళ్ళోడుతోంది. "ఆ జేబులో ఏమిట్రా?"

"స్పేర్ పార్టు" అన్నాడు బాబాయి, కనురెప్ప కూడా వెయ్యకుండా. "కంపెనీ వాడు ఒకటి ఎక్కువ పెట్టాడు."

నాన్న కిందున్న రేకు తీసి తమ్ముడికి అందించాడు. అది బిగించి, ప్లగ్గు పెట్టి మీట తిప్పితే మెషిన్ గిర్రున తిరిగింది. బాబాయి నాన్నమ్మ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. కాసేపటికి నాన్నమ్మ నిటారుగా బయటికి వచ్చి, స్పష్టమైన ఉచ్చారణతో, "నేననుకుంటూనే ఉన్నాను. ఆ కంపెనీ వాళ్ళకి బొత్తిగా బాధ్యత లేదు" అని, బట్టల బుట్ట అందుకుంది.

"అన్నట్టు అమ్మా, కంపెనీ వాడు చెప్పడం మరిచాడు. బట్టల మీద ఈ ప్లాస్టిక్ మూత నొక్కిపెట్టాకే తిప్పాలి. అప్పుడు చిన్న గుడ్డలు సందులోకి జారవు" అన్నాడు బాబాయి.

ఆయన చెప్పులు వేసుకుంటుంటే అడిగాను. "పాపం, ఎప్పుడూ ఆ కంపెనీ మీదే ఎందుకు బాబాయ్?"

"రోజూ కిటికీ దగ్గర చూస్తాను కదమ్మాయ్. చెడిపోయిన మిక్సీ పట్టుకొచ్చినవాడు పైకి అరుస్తాడు గానీ, తన చెయ్యే పాడు చేసిందేమోనని లోపల వణుకుతుంటాడు. పొరపాటు మాదే అనగానే మొహం తేటపడుతుంది. మనిషి మీద తప్పు పడితే వాడికి నిద్ర పట్టదు. కంపెనీకేం, దానికి నిద్రా, కన్నీళ్ళా?"

ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. వంగబోతుంటే, మా మెషిన్ స్క్రూ ఒకటి ఆయన జేబులోనే వెళ్ళిపోతోందని కనిపించి, ముందు అది అడిగి తీసుకున్నాను.

మర్నాడు నాన్న గులాబీరంగు చొక్కా తొడుక్కుని ఆఫీసుకు తయారయ్యాడు. అమ్మ నోరు వెళ్ళబెట్టింది. "అదేమిటండీ, ఆ చొక్కా వేసుకున్నారు?"

నాన్న అద్దంలోంచి, బట్టలు మడతపెడుతున్న వాళ్ళమ్మ వైపు ఒకసారి చూశాడు. "ఏం చెయ్యమంటావు? తెలుపని చెప్పి అంటగట్టాడు. చొక్కా కంపెనీ వాడిదే తప్పు."

నాన్నమ్మ స్పేర్ పార్టులన్నీ కనిపించేలా నవ్వింది.