బోరు నీళ్ళు, గడ్డిమందు

ఏ నీళ్ళలో కలపాలో చెప్పకుండా నాకు గడ్డిమందు అమ్మారు. అడిగినా చెప్పలేదు.

రిటైరయ్యాక ఊరి చివర మంగ్లాలో కట్టుకున్న మా ఇంటి వెనక ఎవరిదో ఖాళీ స్థలం ఉంది. వానలు పడగానే అక్కడి గడ్డి నడుమెత్తు లేచి మా కుళాయి గట్టుదాకా వచ్చింది. ఒక ఉదయం మా ఆవిడ గిన్నెలు తోముతుంటే గడ్డిలోంచి కట్లపాము వచ్చి, ఆమె కాలి పక్కనుంచే మెల్లగా వెళ్ళిపోయింది. అది కరిస్తే నొప్పి కూడా తెలియదంటారు. అప్పటినుంచి ఆమె కర్రతో నేల కొట్టి గానీ అడుగు వేయదు. ఆమె పని అయ్యేదాకా నేను గడ్డినే చూస్తూ కూర్చునేవాణ్ణి. గాలికి ఒక పరక కదిలినా లేచి నిలబడేవాణ్ణి.

గోల్ బజార్లో పురుగుమందుల దుకాణం నడిపేవాడు రైలింజన్ల షెడ్డులో నాతో పనిచేసిన మనిషి కొడుకే.

"ఏ నీళ్ళలో కలపాలిరా?"

"నీళ్ళకి జాతకం సూస్తావేటి బాబాయ్? ఏవైనా నీళ్ళే!"

డబ్బా మీద 'శుభ్రమైన నీరు' అని ఉంది. మా బోరు నీళ్ళు అద్దంలా ఉంటాయి. డ్యూటీకి ముందురోజే అన్నీ సర్దుకునే రైల్వే అలవాటు కొద్దీ, సాయంత్రమే డ్రమ్ములో కలిపి ఉంచి తెల్లారి కొట్టాను. ఆకుల కొసలు కాస్త పసుపెక్కి మళ్ళీ పచ్చబడ్డాయి. దుకాణంలో చెబితే వాడు డోసు పెంచమన్నాడు. పెంచాను. గడ్డి చావలేదు సరికదా, ఇంత మందూ బోరులోకి దిగితే ఏమవుతామోనని ఇంకో భయం పట్టుకుంది.

మళ్ళీ డ్రమ్ము నింపుతుంటే మా ఆవిడ గుమ్మంలోంచి కేకేసింది.

"ఆ నీళ్ళలో పప్పు ఉడకదనే గదా వంటకి వాన నీళ్ళు పడతన్నాను! మందు మాత్రం ఏటి పనిచేస్తాది? బాయిలర్లలో సున్నం గీకి గీకి ముసిలోడివైపోనావు, నీకు తెల్దా?"

తెలియకేం! బోరు నీళ్ళలోని ఆ సున్నమే మందును పట్టేసి ఆకులో పని చేయనివ్వలేదు. వాన తెరిపిచ్చిన రోజు, కప్పు మీంచి పట్టిన నీళ్ళలో అప్పటికప్పుడు కలిపి, డబ్బా మీది మోతాదే కొట్టాను. గడ్డి వేళ్ళదాకా ఎండింది. కోయించాక గోడదాకా నేల కనబడింది. పాము కనబడలేదు. ఎటు పోయిందో తెలియక మా ఆవిడ కర్ర వదల్లేదు.

తిన్నగా దుకాణానికి పోయాను. "మీ పిన్నికేమైనా అయ్యుంటే ఎవడురా జవాబు చెప్పేది? అడిగాను కదా!" అన్నాను. కొనేవాళ్ళంతా చూస్తున్నారు. వాడు తల దించుకుని అన్నాడు:

"నీళ్ళ సంగతి నాకెవరూ చెప్పలేదు బాబాయ్. గడ్డి చావలేదని వచ్చినోళ్ళందరికీ డోసు పెంచమనే చెప్పినాను. మా పెరట్లోనూ రెండుసార్లు అలాగే కొట్టినాను. పిల్లలు అక్కడే ఆడతారు."