ఏదీ, ఇంకోసారి అనే యేసుపాదం

యేసుపాదం గారు ఏ కష్టాన్నయినా రెండోసారి జరిగితే గానీ నమ్మేవారు కాదు. ఒక్కసారి జరిగింది ఆయన దృష్టిలో జరగనట్టే. గుంటూరులో కంప్యూటర్లు బాగుచేసే ఈ మనిషి దగ్గరికి ఎవరైనా వెళ్ళి "నిన్న తెర నల్లగా అయిపోయిందండీ" అంటే, "ఏదీ, ఇంకోసారి నల్లగా చెయ్యండి" అని కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేవారు.

యంత్రాలతో ఆగితే బాగానే ఉండేది. ఆయన గది కింద టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన జారిపడితే లేవదీశారు, దుమ్ము దులిపారు, మంచినీళ్ళిచ్చారు, ఆ తర్వాత "ఏ కాలు ముందు జారిందండీ? ఏదీ, ఇంకోసారి నడవండి" అన్నారు. పెద్దాయన ఆ పూట నుంచి టీ మానేశాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల వద్దంటే, మరుసటి వారం అదే చొక్కా తొడుక్కుని, అదే బస్సెక్కి వెళ్ళి, అదే కుర్చీలో కూర్చుని మళ్ళీ అడిగారట. పిల్ల మళ్ళీ వద్దంది. "ఇక అనుమానం లేదు" అంటూ తృప్తిగా తిరిగొచ్చారు. నలభై దాటినా ఆ గదిలో ఒంటరిగానే వండుకు తినేవారు. పలకరిస్తే ఏం తిరిగి చెయ్యమంటారోనని తెలిసినవాళ్ళు ఆయన్ని చూసి తప్పుకుపోయేవాళ్ళు.

రిహానాకు ఆయన పరిచయమయ్యేనాటికి, ఆమెను చూసి కూడా జనం తప్పుకుపోతున్నారు.

2004 వేసవి మాట అది. సత్తెనపల్లి దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో రిహానా కంప్యూటర్ ఆపరేటరు. ఏ రైతు బస్తాలు ఏ గదిలో ఉన్నాయో అంతా ఆ కంప్యూటర్లోనే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక చూస్తే ఫైలు పేరు ఉంది, లోపల అక్షరం లేదు. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన హైదరాబాదు వాళ్ళు ఫోన్లో నవ్వేశారు. "కరెంటు పోతే పోయే రకం కాదండీ అది. చెయ్యబోయే పని ముందే లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. మళ్ళీ లేవగానే లాగ్ చదువుకుని, సగంలో ఆగినవన్నీ సర్దుకుంటుంది. మీ అమ్మాయే చెరిపేసి ఉంటుంది."

అంతే, నింద పడిపోయింది. బయట నిప్పులు చెరిగే ఎండలో హమాలీలు తలలకు మఫ్లర్లు చుట్టుకుని చలిగదుల్లోకి దూరి, బస్తా బస్తాకీ గుర్తులు వెతికారు. వణుక్కుంటూ బయటికొచ్చిన ప్రతివాడూ రిహానా వంక కొరకొర చూసేవాడు. ముఠా మేస్త్రి బుల్లయ్య "ఎవడి బస్తాలు మాయం చెయ్యటానికో" అని ఆమె వినేలాగే అన్నాడు. అన్నం వేళ ఆమె పక్కన కూర్చునేవాళ్ళు లేకుండా పోయారు. ఇంటి దగ్గర తల్లి మాబూబీ కూడా "తెలీక ఏదో నొక్కుంటావులేవే, ఒప్పేసుకో, పోద్ది" అంది. రిహానాకు ఆ మాట అన్నిటికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

యజమాని శ్రీకృష్ణ గారు యేసుపాదాన్ని పిలిపించింది కంప్యూటర్‌ని శుభ్రంగా తుడిచి, అన్నీ కొత్తగా ఎక్కించడానికి.

"తుడిచేస్తే ఎలాగండీ? ఎలా పోయిందో చూడొద్దూ?"

"పోయిందేదో పోయింది. నీ పని నువ్వు కానివ్వవయ్యా."

"తుడిస్తే ఇక ఎప్పటికీ తెలియదండీ. ఏదీ, ఇంకోసారి పోనిద్దాం" అని ఆయన ప్లగ్గు పీకేశారు.

అది మొదలు. రోజూ పొద్దున్నే బస్సు దిగడం, ఉత్తుత్తి పేర్లతో ఫైలు నింపడం, హఠాత్తుగా ప్లగ్గు పీకడం. కంప్యూటర్ లేచేది, లాగ్ చదువుకునేది, ఫైలంతా చక్కగా చూపించేది. "ఛ! బాగానే ఉంది!" అని ఆయన తల పట్టుకునేవారు.

"ఏవయ్యా, బాగుచెయ్యమని పిలిస్తే పాడుచెయ్యాలని చూస్తావేంటి?" అని శ్రీకృష్ణ గారు కేకలేసేవారు.

"పాడవట్లేదండీ, అదే నా బాధ!"

హమాలీలు పగలబడి నవ్వేవాళ్ళు. రిహానాకు మాత్రం నవ్వు రాలేదు. అది క్షేమంగా లేచిన ప్రతిసారీ తప్పు తనదేనని మరోసారి తేలినట్టుండేది. చివరికి శ్రీకృష్ణ గారు విసిగిపోయి, "శనివారం దాకా చూస్తాను. తర్వాత ఆ కంప్యూటర్ని తుడిపిస్తాను, ఆ అమ్మాయిని మాన్పిస్తాను" అనేశారు.

శనివారం యేసుపాదం ప్లగ్గు వదిలేసి ఆమె వైపు తిరిగారు. "అమ్మాయ్, ఆ రోజు ఏం చేశావో ఇంకోసారి చెయ్యి."

ఏం జరిగిందని ఆమెను అప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. రిహానా కూర్చుని టైపు చేసింది. కరెంటు పోయిందని అట్టతో విసురుకుంది. వచ్చిందని స్విచ్చి నొక్కింది. కాస్త ఆగి మళ్ళీ నొక్కింది.

"రెండుసార్లు ఎందుకు నొక్కావ్?"

"మధ్యలో మళ్ళీ పోయింది కదండీ."

"ఏం పోయింది?"

"కరెంటేనండీ. లైన్‌మన్ పేరయ్య గారు ముందు ట్రయల్ ఇచ్చి తీసేస్తారు, ఆ తర్వాత అసలు కరెంటు ఇస్తారు. అందుకే మా వైపు మొదటిసారి వచ్చిన దానికి ఎవరూ ఏదీ వెయ్యరు. ఆ రోజు రైతులు తొందర పెడుతుంటే నేను వేసేశాను."

ఊరందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ చెప్పలేదు. యేసుపాదం గబగబా ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టారు. కంప్యూటర్ లేచి లాగ్ చదువుకుంటూ ఉండగానే మళ్ళీ పీకారు. ఈసారి లేచాక ఫైలు పేరు ఉంది, లోపల అక్షరం లేదు.

"పోయింది! పోయిందమ్మాయ్!" అని ఆయన గంతేశారు.

శ్రీకృష్ణ గారు చూశారు. "సరే, అమ్మాయి తప్పు లేదు. నువ్వు మానక్కర్లేదమ్మా. ఇక తుడిచెయ్యవయ్యా."

"ఉండండి. బుల్లయ్యను పిలవండి."

బుల్లయ్య చూసి, తలదించుకుని వెళ్ళాడు. తర్వాత హమాలీలు ఒక్కొక్కరే వచ్చారు. తర్వాత వాచ్‌మన్, గుమాస్తా, కాటా దగ్గరి మనిషి. ప్రతివాడికీ ఆయన మొదటినుంచీ చూపించారు. పిచ్చి ముదిరిందనుకున్నారంతా.

"మొదటిసారికే మీకు తెలిసిపోయింది కదా సార్, ఇంకా ఎందుకు?" అంది రిహానా.

"నాకు తెలిస్తే ఏం లాభం అమ్మాయ్? రేపు నీ పక్కన కూర్చుని అన్నం తినాల్సింది వీళ్ళు కదా. మీ ఇంట్లో ఎవరుంటారు?"

"అమ్మ."

"ఆవిడ నమ్మిందా?"

"ఒప్పేసుకోమంది" అంది రిహానా. ఆయన వైర్లు చుట్టి, కంప్యూటర్ని వాళ్ళింటికి తీసుకెళ్ళడానికి ఆటో పిలిచారు.

మాబూబీకి తెర మీదున్నది ఒక్క ముక్క అర్థం కాలేదు. తన కూతురి కోసం ఎవరో మనిషి నేల మీద మోకాళ్ళేసుకుని, చెమటలు కక్కుతూ ప్లగ్గు పీకుతున్నాడన్నది మాత్రం అర్థమైంది. "అయితే మా పిల్ల ఏం చెయ్యలేదా బాబూ?"

"ఏం చెయ్యలేదమ్మా."

మాబూబీ కూతురి చెంపలు నిమిరింది. "నేనే తప్పు మాటన్నానే" అంది. మరుక్షణం గుమ్మంలోకి పరిగెత్తి, పక్కింటి వైపు తిరిగి, "కరీమున్! ఓ కరీమున్! వీధిలో అందర్నీ తీసుకురా! మా పిల్ల తప్పేం లేదంట, చూద్దురుగాని రండి!" అని కేకేసింది.

ఇల్లు నిండిపోయింది. మాబూబీ ఆయన ముందు అన్నం పళ్ళెం పెట్టింది. ఆయన కుడిచేత్తో గోంగూర కలుపుకుంటూ, ఎడంచేత్తో ప్లగ్గు పీకుతూ, వెనకాల ఉన్నవాళ్ళను ముందుకు జరిగి కూర్చోమంటున్నారు. రిహానా తన పళ్ళెం తెచ్చుకుని, నవ్వుతూ ఆయన పక్కనే కూర్చుంది.