సింగరయ్య పడవలో బీపీ మాత్రలు

అడవులదీవిలో సింగరయ్య గొంతెత్తితే రేవులో కాకులు లేచిపోయేవి. యాభై అయిదేళ్ల మనిషి, నలుగురితో కలిసి సొంత పడవ మీద వేటకు పోయేవాడు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు వేసవిలో వల లాగుతూ ఆయాసంతో కూలబడ్డాడు. గంగమ్మకు కోడిని ఇచ్చారు. కోడి పోయింది గాని ఆయాసం పోలేదు. పెళ్లాం అంకాలమ్మ బస్సెక్కించి రేపల్లె తీసుకెళ్లింది.

డాక్టరు శివరామయ్య చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసి, బీపీ బాగా ఎక్కువగా ఉందన్నాడు. ఏటికి ఎదురు తెడ్డు వేసినట్టు గుండె ఏళ్ల తరబడి కష్టపడుతోందనీ, ఇలాగే సాగితే కండ మందమెక్కి అలిసిపోతుందనీ చెప్పాడు. మాత్ర వేసుకుంటే బీపీ దిగుతుంది, గుండె నిదానంగా కొట్టుకుంటుంది, దానికీ కాస్త తెరిపి దొరుకుతుంది. రోజుకొకటి చొప్పున ముప్పై ఇచ్చాడు. నెల తిరిగేసరికి తగ్గకపోతే సముద్రం మాట మరిచిపొమ్మన్నాడు. సముద్రం లేకుండా ఎలా బతకాలో సింగరయ్యకు తెలియదు.

అయితే వాళ్ల పడవలో ఒక పద్ధతి ఉంది. బీడీ అయినా, చద్ది అయినా, ఒక్కడి నోటికే పోకూడదు. మర్నాడు సింగరయ్య మాత్రల పొట్లం విప్పగానే, ఆ నలుగురిలో ఒకడైన ముత్యాలరావు అతని పక్కకు జరిగాడు.

"ఏంటి మావా అది?"

"గుండెకు మంచిదంటరా."

"మాకు లేవా ఏంటి గుండెలు?"

సింగరయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ రోజు నుంచి వంతులు వేశాడు. డాక్టరు చెప్పినట్టే రోజుకొకటి, కాకపోతే రోజుకొకరికి. వంతు వచ్చినవాడు లేచి నిలబడగానే కళ్లు తిరిగి తాడు వదిలేసేవాడు. మందు బాగా పనిచేస్తోందని మిగతావాళ్లు సంబరపడేవారు.

నెల తిరిగాక డాక్టరు దగ్గరికి వెళ్తే బీపీ ఎక్కడిదక్కడే ఉంది. మాత్రలు వేసుకున్నావా అని ఆయన అడిగాడు. ఒక్కటీ పారేయలేదండి, అందరం తిన్నామండి అన్నాడు సింగరయ్య, గర్వంగానే. శివరామయ్య కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"బాగున్న గుండెను నెమ్మది చేస్తే ఆ మనిషి తూలి సముద్రంలో పడతాడు. నీ గుండెకేమో అయిదు రోజుల్లో ఒక్కరోజే తెరిపి. ఏంటయ్యా ఈ దానధర్మాలు?"

మళ్లీ ముప్పై మాత్రలిచ్చి ఒక నెల ఒడ్డునే ఉండమన్నాడు. అంకాలమ్మ రోజూ ఎదురుగా నిలబడి మింగించింది. ఆయాసం తగ్గింది. వల జోలికి పోకుండా చుక్కాని పట్టుకోవచ్చు, మాత్ర మాత్రం మానకూడదని డాక్టరు వదిలిపెట్టాడు.

మళ్లీ పడవెక్కిన పొద్దున మాత్ర చేతిలోకి తీసుకున్నాడు గాని, నలుగురి ముందు చెయ్యి నోటిదాకా పోలేదు. ముత్యాలరావు అది చూశాడు.

"అటు తిరగండిరా," అన్నాడు.

నలుగురూ సముద్రం వైపు తిరిగి, అక్కడేదో పెద్ద పని ఉన్నట్టు చూస్తూ కూర్చున్నారు. సింగరయ్య గబుక్కున మింగి నీళ్లు తాగాడు.

"అయిందా మావా?"

"అయిందిరా. తెరచాప ఎత్తండి."