పొగలోంచి తగిలిన తూటా

రిఫాత్ బయ్యూమీకి పగలంతా చెవితో పని, సాయంత్రమంతా నోటితో పని.

అలెగ్జాండ్రియాలో, కోమ్ ఎల్ దిక్కా గుట్ట మీద, మెట్లవీధి మలుపులో అతని కొట్టు. కాలిపోయిన ఫ్యాను మోటార్లకు కొత్త రాగితీగ చుడతాడు. చుట్టడం అయ్యాక స్విచ్చి వేసి కళ్ళు మూసుకుంటాడు. బాగుపడిన మోటారు నిద్రపోతున్న పిల్లిలా గురగురమంటుంది. బాగుపడనిదీ అలాగే అంటుంది గానీ, ఆ చప్పుడు అడుగున ఎక్కడో ఒక చిన్న అబద్ధం కదులుతూ ఉంటుంది. అది వినబడగానే అతను తీగంతా విప్పేస్తాడు.

"ఫ్యాన్లను అనుమానించినట్టే నన్నూ అనుమానిస్తావు" అంటుంది భార్య నాద్రా. అతను నవ్వేస్తాడు. కానీ ఆ మాట నిజమే. కూరగాయలవాడి తక్కెడ దగ్గర్నుంచి, టీవీలో వాన రాదని చెప్పే అమ్మాయి చిరునవ్వు దాకా, దేన్నయినా రెండోసారి చూడందే అతనికి తోచదు.

పొద్దు వాలి, సముద్రపు గాలి ఒక్కొక్క మెట్టే ఎక్కి గుట్ట మీదికి వచ్చే వేళకు కొట్టు మూసి, గంటకింతని డబ్బిచ్చి కంప్యూటర్ల మీద ఆడుకునే సైబర్‌కి వెళతాడు. ఒకప్పుడది రొట్టెల బట్టీ. గోడల్లో ఇంకా కాలిన పిండి వాసన ఉంటుంది. అక్కడ ఆడేది అయిదుగురు ఇటు, అయిదుగురు అటు నిలబడే తుపాకుల ఆట. తీరం వెంబడి ఊళ్ళలోని సైబర్లన్నీ కలిసి ఒక లీగ్ పెట్టుకున్నాయి. ఆ లీగ్‌లో మైకులు మూయకూడదు. ఇటువాళ్ళ మాట అటువాళ్ళకూ, అటువాళ్ళ మాట ఇటువాళ్ళకూ వెళ్ళాల్సిందే. ఎత్తిపొడుపు లేని ఆట వాళ్ళకు ఉప్పు లేని చిక్కుడుగింజల కూర.

ఎత్తిపొడవడంలో రిఫాత్‌ను మించినవాడు లేడు. అది తండ్రి దగ్గర్నుంచి వచ్చిన విద్య. తండ్రి కాలంలో కాఫీ దుకాణాల్లో దాన్ని పోటీగా ఆడేవారు. ఒకడు మాట మొదలుపెడతాడు, రెండోవాడు "ఎందుకని?" అని అడిగి తీరాలి. అప్పుడు దెబ్బ పడుతుంది. కోపం తెచ్చుకుంటే ఓడినట్టు. మాట్లాడకుండా ఊరుకుంటే ఇంకా హీనంగా ఓడినట్టు. తల్లులనూ జబ్బులనూ పోయినవాళ్ళనూ మాత్రం ముట్టుకోకూడదు.

"నీ తుపాకీ ఉంది చూడు" అనేవాడు రిఫాత్ మైకులో.

"ఎందుకని?" అనేవాడు ఏ దమన్హూర్ ఊరివాడో, తప్పదు గనక.

"అచ్చం మా అత్త బెదిరింపు. పేలడం పేలుతుంది, ఎవరికీ తగలదు."

"సరేలే. ఇక మా జోలికి రాకు."

"మీ జట్టంతా ఉంది చూడు..."

"అబ్బా! ఎందుకని?"

"సంత ముగిసే వేళ చేపలబుట్ట. కళ్ళన్నీ తెరిచే ఉన్నాయి, ప్రాణమే లేదు."

అవతలివాళ్ళు కూడా పగలబడి నవ్వేవారు. నవ్వే మనిషి చెయ్యి వణుకుతుంది. వణికే చెయ్యి గురి తప్పుతుంది. జట్టు నాయకుడు వగీహ్, రిఫాత్‌కు చిన్ననాటి నేస్తం, ట్రామ్ డిపోలో పనిచేసే లావుపాటి మనిషి. "మాలో నలుగురికి తుపాకులున్నాయి, ఒకడికి నాలుకుంది" అని అందరికీ గర్వంగా చెప్పుకునేవాడు.

ఆ ఏడు ఫైనల్లో రషీద్ ఊరివాళ్ళు ఎదురయ్యారు. వాళ్ళలో ఒకడు మరాక్బీ, అంటే పడవవాడు, అని పేరు పెట్టుకుని ఆడుతున్నాడు. లీగ్ మొదలైన దగ్గర్నుంచి అతని గొంతు ఎలా ఉంటుందో విన్నవాళ్ళు లేరు.

"పడవవాడా, నీ నడక ఉంది చూడు" అన్నాడు రిఫాత్.

జవాబు లేదు.

"ఏమయ్యా, ఎందుకని అనవేం? నోరు రేవులో కట్టేసి వచ్చావా?"

"వాడు మాట్లాడడు బాషా" అన్నాడు రషీద్ వాడొకడు. "వాడి బదులు నేనంటా. ఎందుకని?"

"నిన్ను కాదు నేనడిగింది."

బావిలో రాయి వేసినవాడు నీటి చప్పుడు కోసం వంగి చూసినట్టు, రిఫాత్ హెడ్‌ఫోన్‌ను చెవికి అదుముకున్నాడు. అవతల ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలోకి ఇంకో మాట విసిరాడు, ఇంకోటి విసిరాడు. ఆటలో పొగ బాంబు వేసి, ఆ తెల్లటి మబ్బు చాటున గోడ వెంట పాకుతున్నాడు. ఎవరూ చూడలేరు. పొగలోంచి ఒకే ఒక్క తూటా వచ్చి నెత్తికి తగిలింది. తర్వాత వగీహ్‌కి తగిలింది. మళ్ళీ పొగ, మళ్ళీ అలాగే.

అతనికి మోటారు అడుగున అబద్ధం కదిలినట్టనిపించింది. నోరు కట్టుకున్నవాడు ఏదో దాచుకున్నవాడే. గోడల అవతలికి చూపించే దొంగ ప్రోగ్రాములుంటాయని అందరికీ తెలుసు. అలాంటివాడికే మాట్లాడాలంటే భయం.

ఆట ఓడిపోయారు. రిఫాత్ మైకును నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"మరాక్బీ దొంగ" అన్నాడు.

ఆ మాటకు ఎవరూ "ఎందుకని?" అనలేదు.

అలాంటి మాట అన్నవాడికి లీగ్‌లో ఒకటే దారి. తనే అవతలివాడి ఇంటికి వెళ్ళాలి. వాడి కుర్చీ వెనక నిలబడి, వాడి కంప్యూటర్ మీద వాడి ఆట చూడాలి. చూసి చెప్పిందే తీర్పు. అప్పటిదాకా కప్పు ఎవరికీ ఇవ్వరు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. తీర్పు చెప్పేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. ఒకరి రొట్టే ఉప్పూ తిన్నాక వాళ్ళకు వ్యతిరేకంగా నాలుక లేవదని ఆ ఊళ్ళ నమ్మకం. తిని చెప్పిన మాటకు విలువ లేదు.

"ఒరేయ్, టీ కూడా తాగకు" అన్నాడు వగీహ్. "రషీద్ వాళ్ళ సంగతి నీకు తెలీదు. మాటల్లో పెట్టి ముద్ద నోట్లో పెట్టేస్తారు."

శుక్రవారం నమాజు కాగానే రిఫాత్ మైక్రోబస్సెక్కాడు. జేబులో స్క్రూడ్రైవర్ వేసుకున్నాడు. దారి పొడుగునా ఖర్జూరపు తోటలు కిటికీలోకి తొంగి చూసి వెనక్కి తగ్గుతున్నాయి. పక్క సీటులో మనిషి "ఎక్కడికి అన్నా?" అని అడిగితే, వీడు వాళ్ళ మనిషేమోనని "ఊరికే" అన్నాడు.

మరాక్బీ అసలు పేరు ముతవల్లీ. రిఫాత్ ఈడువాడే. ఖర్జూరపు ఈనెలతో పళ్ళబుట్టలు అల్లే మనిషి. నదికి రెండు సందుల ఇవతల ఇల్లు, ఇంట్లో తల్లి. ఆట కూడా ఇంటి నుంచే ఆడతాడు. గుమ్మంలోనే చేతులు పట్టుకుని, పనితనం ఉన్నవాళ్ళను పిలిచే గౌరవపు పిలుపుతో పిలిచాడు.

"రండి ఉస్తా, రండి! బస్సులో నలిగిపోయుంటారు. అమ్మా, టీ పెట్టు!"

ఇంత తీరుగా మాట్లాడేవాడు మైకులో మూగవాడెలా అయ్యాడు? రిఫాత్ అనుమానం ఇంకొంచెం బిగిసింది.

"టీ వద్దు. కంప్యూటర్ చూపించండి."

మూత విప్పి చూశాడు. బల్ల కింద దూరి ప్రతి తీగ కొసా చేత్తో తడిమి చూశాడు. స్క్రీన్ వెనకా, గోడ మీది బొమ్మ వెనకా కూడా చూశాడు. ముతవల్లీ ఏమీ అనలేదు, దుమ్ము తుడుచుకోమని గుడ్డ అందించాడు. గడప దగ్గర తల్లి నిలబడి చూస్తోంది.

"కరెంటు మనిషా నాయనా ఈయన?" అందామె.

"కాదమ్మా. నేను దొంగనో కాదో చూడ్డానికొచ్చాడు."

"ఓహో. భోంచేసి చూడొచ్చుగా."

అలెగ్జాండ్రియా సైబర్లో వగీహ్ జట్టు సిద్ధంగా ఉంది. ఆట మొదలైంది. మొదలవగానే ముతవల్లీ వేలు చకచకా కదిలింది. స్క్రీన్ మీద ఆటగాళ్ళ పేర్ల పక్కనున్న చిన్న గుర్తుల మీద అడ్డగీతలు పడ్డాయి.

"ఆగు! ఏం నొక్కావు?"

"మాటలు కట్టేశా. అందరివీ."

"మైకులు మూయకూడదు లీగ్‌లో!"

"నా మైకు తెరిచే ఉంది ఉస్తా. చెవులు మూయకూడదని ఎవరన్నారు?"

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. ఆ గోలలో నాకు ఆట వినబడదు." ముతవల్లీ సగం వెనక్కి తిరిగాడు. "ఏం, మీరు నన్నేమన్నా అన్నారా?"

రిఫాత్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేసుకున్నాడు. తండ్రి తలెత్తుకునేలా విసిరిన అన్ని మాటలూ ఈ మనిషి దాకా రాకుండా ఏ సముద్రంలో పడ్డాయో.

"ఆట వినబడటమేంటి?" అన్నాడు.

ముతవల్లీ హెడ్‌ఫోన్ ఒక చెవి తీసి అతని వైపు తిప్పాడు. రిఫాత్ వంగాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత, చాలా దూరంలో, ఇసుక నలిగింది. ఎవరో చెక్కమెట్టు మీద కాలు వేసి ఆగారు. రేకు మీద ఒక అడుగు సన్నగా మోగింది, వాన మొదటి చినుకులా. స్క్రీన్ మీద పొగ లేచింది, అంతా తెలుపు. ఆ తెలుపు లోపల ఒక బరువైన నడక గోడ వెంట వస్తోంది, ఆగుతోంది, వస్తోంది. ఆ తొందరపాటు, ఆ ఆగడం, ఎక్కడున్నా పోల్చుకోగలడు. వగీహ్!

ముతవల్లీ మౌస్ జానెడు జరిపి ఒక్కటే నొక్కాడు. పొగ విడిపోయేసరికి వగీహ్ పడి ఉన్నాడు.

రిఫాత్ కళ్ళు మూసుకుని, మోటారు విన్నట్టు ఆట చివరిదాకా విన్నాడు. అబద్ధం లేదు. ఈ అడుగులన్నీ తన హెడ్‌ఫోన్లో కూడా ఉన్నాయి. ఇన్నాళ్ళూ తన గొంతు వాటి మీద దుప్పటిలా కప్పుకుని ఉంది. తన చెవుల మీదే కాదు, తన నలుగురి చెవుల మీద కూడా. తన జట్టును ఓడించింది ఎవరో అతనికి తెలిసింది. అది తను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు.

ఫోను మోగింది. సైబర్లో అందరూ వినేలా పెట్టి ఉంటారు.

"చెప్పరా" అంది వగీహ్ గొంతు. "దొరికాడా?"

తప్పించుకోవడానికి ఒక మాట చాలు. సరిగ్గా తేలలేదు అంటే చాలు, కప్పు అలాగే ఆగిపోతుంది. రిఫాత్ ఫోను చేతులు మార్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే ముసలమ్మ పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టింది.

"తిను నాయనా, చల్లారిపోతోంది" అంది గట్టిగా, చెవుడున్నవాళ్ళ గొంతుతో.

ఆ మాట ఫోనులోంచి సైబర్ దాకా వెళ్ళింది.

"తీర్పు చెప్తున్నా" అన్నాడు రిఫాత్ తొందరగా. "శుభ్రమైన ఆట. దొంగతనం లేదు. మనల్ని ఓడించింది నా నోరు. మనం అరుస్తుంటే వాడు మన అడుగులు వింటున్నాడు. తప్పు నాది."

అవతల ఎవరో నవ్వారు. మంచి నవ్వు కాదది. ఫోను పెట్టేశారు.

రిఫాత్ అక్కడి ఆనవాయితీ ప్రకారం ముతవల్లీ తల మీద ముద్దు పెట్టి, తప్పయిందన్నాడు. విప్పిన కంప్యూటర్ మూత బిగించి, లాగిన తీగలన్నీ సర్ది, అప్పుడు పళ్ళెం దగ్గర కూర్చున్నాడు.

కప్పు రషీద్ వెళ్ళింది. నిందవేసినవాడే కాదన్నాక లీగ్ ఇంకేం చేస్తుంది? కానీ రొట్టెల బట్టీలో మాత్రం తీర్పు ముగియలేదు. రిఫాత్ లోపలికి రాగానే మాటలు ఆగేవి. అతని కుర్చీ ఖాళీగానే ఉంచారు, అయితే ఆటకు పిలిచేవారు కాదు. కొట్టు ముందు నుంచి వెళుతూ ఎవడో "రషీద్ చేపలు బాగుంటాయట ఉస్తా!" అని కేకేశాడు. ఎత్తిపొడుపుల మహారాజు తీగ చుట్టుకుంటూ తల వంచుకున్నాడు. ఏం చెప్పినా అది తిన్నవాడి మాటే అవుతుంది.

ఒక సాయంత్రం వగీహ్‌నే నేరుగా అడిగాడు.

"నన్ను నమ్మవా?"

"ముందు తిన్నావా, తర్వాత తిన్నావా?"

"తర్వాత."

"ఎవరు చూశారు?"

"వాళ్ళే."

"అదే మరి" అన్నాడు వగీహ్, ఇంకెటో చూస్తూ.

"నీతో వాదించను. ఈ ఒక్క ఆట అందరి మాటలూ కట్టేసి ఆడు. నేను నీ వెనక నిలబడతా. నోరెత్తను."

వగీహ్ విసుక్కుంటూ కూర్చున్నాడు. దమన్హూర్ వాళ్ళతో ఆట. కాసేపు వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ తిరిగాడు. ఉన్నట్టుండి అతని మెడ నిటారుగా అయింది. చెయ్యి ఆగింది. చీకట్లో తలుపు తట్టిన చప్పుడు విన్నవాడిలా తల కొంచెం పక్కకు వాల్చాడు. ఎదుట అంతా పొగ. ఆ పొగలోకి ఒక్కటి కాల్చాడు. అవతల ఒకడు కూలాడు. కాసేపాగి ఇంకొకడు.

పక్క కుర్చీలోని సొంత జట్టువాడు హెడ్‌ఫోన్ తీసి భుజం తట్టాడు.

"అన్నా, దమన్హూర్ వాళ్ళు అరుస్తున్నారు. నిన్ను దొంగంటున్నారు. గోడల అవతలికి చూస్తున్నావట."

వగీహ్ ముఖం ఎర్రబడింది. కుర్చీ మొత్తం వెనక్కి తిప్పాడు.

"నువ్వు చూశావుగా రిఫాత్? నేనేం చెయ్యలేదు!"

"చూశాను" అన్నాడు రిఫాత్. "వెనకే ఉన్నాను."

"చెప్పు మరి వాళ్ళకి!"

"చెప్తే నమ్ముతారా? నేను నీ మనిషిని కదా."

వగీహ్ మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగాడు. స్క్రీన్ మీద పొగ పలచబడి, ఎవరూ లేని వీధి బయటపడింది. అతను హెడ్‌ఫోన్ మెడ మీదికి జార్చుకున్నాడు.

"ఇంతకీ ఆ ముసలమ్మ ఏం పెట్టిందిరా?"

"వేయించిన చేప. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి వండిన అన్నం."

"ఎలా ఉంది?"

"వేడిగా ఉంటే బాగుండేది" అన్నాడు రిఫాత్. "నేను చెయ్యి పెట్టేసరికి నూనె పేరుకుపోయింది."

వగీహ్ కాలితో ఖాళీ కుర్చీని అతని వైపు తోశాడు.