పిల్లి తడిపిన బొగ్గులు

దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే పోయిన ఎండాకాలమే మా పిల్లిని ఇంట్లోంచి వెళ్లగొట్టేదాన్ని.

గోదావరిఖనిలోని మా క్వార్టర్‌లో మొదటిసారి స్త్రీల ప్రార్థన కూటం పెట్టుకున్నాం. పిల్లి వాసన రాకూడదని పొద్దుటి నుంచి ఫినాయిల్‌తో గచ్చు కడిగాను, దుప్పట్లు ఉతికాను. పాస్టరమ్మ వస్తూనే "ఇల్లు మంచిగుంచినవమ్మా" అంటే నా ప్రాణం కుదుటపడింది.

గ్యాస్ ఉన్నా, అంతమందికి చాయ్ అంటే మాకు బొగ్గుల పొయ్యే. పాటలు మొదలవగానే వెనక వరండాలో మూలనున్న బొగ్గుల కుప్పలోంచి కొన్ని తీసి పొయ్యి అంటించాను. కాసేపటికి పొగతో పాటు భరించలేని కంపు ఇల్లంతా కమ్మింది. పాట ఆగిపోయింది. అందరూ ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"ఏందక్కా, పొయ్యిల ఏమేసినవ్?" అంది పక్కింటి సరోజ.

బొగ్గుగనిలో డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన మా ఆయన ఆ కుప్పలోంచి ఒక బొగ్గు తీసి వాసన చూశాడు. "ఇల్లంత కడిగినవ్ గని, గీ కుప్ప చూసినవా? పిల్లి రోజూ గీడనే పోస్తది."

"ఎరుకుంటే చెప్పొద్దా?"

"నువ్వడిగితివా?"

కూటం వాకిట్లో ముగిసింది. చాయ్ ఎవరూ ముట్టలేదు. పిల్లి మాత్రం పాస్టరమ్మ ఒడిలో హాయిగా పడుకుంది.

నలుగురు చూసే చోటు ఎంత కడిగినా, మూలన దాగింది నిప్పు తగిలితే బయటపడుతుందని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు కుప్పమీద రేకు కప్పాను. పిల్లి దాన్ని రోజూ గీకుతోంది. దానికి బుద్ధి, నాకు ఓర్పు కలిగేలా మీరూ నాతో కలిసి ప్రార్థించండి.