ఊడిరాని యాంకర్

2023 ఎండాకాలం. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మా చిన్న వర్క్‌షాప్‌లో నేను యాంకర్లు డిజైన్ చేస్తున్నాను. కాంక్రీటులో రంధ్రం వేసి దూర్చితే, లోపల విచ్చుకొని గోడను పట్టుకునే బోల్టు యాంకర్. చాలావరకు ఒకసారి బిగిస్తే ఇక అంతే. నేను చేసేవి పనయ్యాక తీసి మరోచోట వాడుకునేవి. రాడ్డు లోపలి చివర కోన్ ఉంటుంది, అంటే శంకువు లాంటి ముక్క. దాని చుట్టూ స్లీవ్ అనే చీలికల గొట్టం. గోడ బయట నట్టు బిగించి రాడ్డును బయటికి లాగేకొద్దీ కోన్ స్లీవ్‌ను విచ్చదీస్తుంది. నట్టు విప్పి లోపలికి నెడితే స్లీవ్ ముడుచుకొని యాంకర్ చేతికొస్తుంది.

వాటర్ ట్యాంకుల పగుళ్లు పూడ్చే రాజన్న మా పాత గిరాకీ. తాడుకు వేలాడుతూ పనిచేస్తాడు. తాడు కట్టే రింగును నేను రాడ్డుతో ఏకంగా చేశానని ఆయనకు నాతో పేచీ. నట్టు కింద ప్లేటు పెట్టి, రింగు దానికుండాలంటాడు.

"నట్టు ఇప్పితే అన్నీ ఒక్కపారే వస్తయ్ కద మేడం. నెట్టుడు, గుంజుడు, గింత లొల్లి ఏంది?"

"నట్టు ఇప్పంగనే ఊడేదానికి నిన్ను వేలాడదియ్య రాజన్నా."

నాకు మొండితనం కాస్త ఎక్కువే. రాజన్న గొణుక్కుంటూనే వాటిని తీసుకెళ్లాడు.

ఓ మధ్యాహ్నం ఆయన బావమరిది శంకర్ ఫోన్ చేశాడు. ఆసిఫాబాద్ వైపు నుంచి కొత్తగా వచ్చాడు, మరాఠీ రాదు. ట్యాంకు పైనుండి రెండు తాళ్లు, అంటే బావ వేలాడే తాడు, జాగ్రత్తకు కట్టే రెండో తాడు, చూసుకోవడం అతని పని.

"మేడం, మీ యాంకర్ పట్టేసింది. నట్టు ఇప్పిన, రాడ్డు నెడితే కదుల్తలేదు. సుత్తెతోని ఒక్కటి ఏస్తే వస్తదా?"

"తాడు వదులుగ ఉందా, బిగుసుకొని ఉందా?"

"బిగుసుకోనే ఉంది."

"సుత్తె కింద పెట్టు! మీ బావ ఇంకా తాడుమీదనే ఉన్నడు!"

"గజానన్ ఖాళీ అని ఒర్రిండు కద మేడం! దిగిండనుకొని రెండో తాడు గుడ ఇప్పేసిన."

గజానన్ కింద నిలబడ్డ మరాఠీ మేస్త్రీ. మరాఠీలో ఖాలీ అంటే కిందికి. రాజన్నను ఇంకాస్త కిందికి దించమని అరిచాడు. శంకర్‌కేమో తాడు ఖాళీ అయిందని వినబడింది. ట్యాంకు అంచు కింద వేలాడే మనిషి పైవాళ్లకు కనబడడు. మనిషి బరువు రాడ్డును బయటికి లాగుతుంటే చేత్తో లోపలికి నెట్టడం ఎవరి తరమూ కాదు. సుత్తి దెబ్బ పడితే మాత్రం చెప్పలేం. రాజన్న అడిగినట్టు రింగు ప్లేటుకే ఉండుంటే, శంకర్ నట్టు విప్పినప్పుడే అంతా ఊడిపోయేది.

"నట్టు బిగించు. రెండో తాడు మళ్ల కట్టు. అయినంక బావను పిలువు."

ఫోన్ చెవి నుంచి తీయలేదు. చివరికి "బావా!" అన్న కేక, వెనకే ఎక్కడో దూరం నుంచి రాజన్న గొంతు.

"ఏందిరా, దించుమంటే నిద్రవోతున్నవా?"

ఆ తిట్టుతో నాకు ప్రాణం లేచొచ్చింది. స్టూలు మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాను.

ఊడదీసే వస్తువును డిజైన్ చేసేటప్పుడు అది ఎప్పుడు ఊడకూడదో ముందు తేల్చుకోవాలని నాకు ఆ రోజు గట్టిగా తెలిసింది. రాజన్న కూడా పద్ధతి మార్చాడు. ఇప్పుడు దిగాక మళ్లీ మెట్లెక్కి పైకొచ్చి, యాంకర్‌ను తన చేత్తోనే తీసుకుంటాడు.